నెట్‌వర్క్ పరికరాల్లో సెన్సర్ హద్దు దాటినప్పుడు: అలర్ట్ అందినప్పటి నుంచి హద్దు సవరించే వరకు

ఫోన్‌కు వచ్చే సెన్సర్ అలర్ట్ సాధారణంగా రెండు పంక్తులు మించదు: ఫలానా స్విచ్, ఫలానా సెన్సర్, ప్రస్తుత విలువ 41, హద్దు 40. దాన్ని చదివిన ఇంజినీర్లలో కొందరు కంగారుపడి పరికరాన్ని రీబూట్ చేస్తారు, మరికొందరు "ఇది రోజూ వచ్చేదేలే" అని అక్నాలెడ్జ్ నొక్కి ఊరుకుంటారు. రెండూ చేసినవాణ్ణే కాబట్టి, ఆ రెంటికీ నడుమ చేయవలసిన పనిని వరుసగా రాసి పెడుతున్నాను. మానిటరింగ్ వ్యవస్థకు ఉదాహరణగా లిబ్రెఎన్‌ఎంఎస్‌ను తీసుకున్నాను, నేను రోజూ వాడేది అదే గనుక. అయితే పరికరాల నుంచి ఎస్‌ఎన్‌ఎంపీ (నెట్‌వర్క్ పరికరాలను వాటి స్థితి అడిగి తెలుసుకునే ప్రోటోకాల్) ద్వారా విలువలు తెచ్చుకునే ఏ వ్యవస్థకైనా ఈ వరుస సరిపోతుంది.

మొదటి మెట్టు: సందేశాన్ని పూర్తిగా చదవడం

ముందుగా సెన్సర్ ఏ రకానిదో, పరికరంలో ఎక్కడ ఉందో చూడాలి. ఉష్ణోగ్రత అన్న ఒక్క మాటతో ఏమీ తేలదు, ఎందుకంటే ఒకే స్విచ్‌లో గాలి లోపలికి వచ్చే చోట ఒకటి, బయటికి పోయే చోట ఒకటి, ప్రధాన చిప్ మీద ఒకటి, ప్రతి ఎస్‌ఎఫ్‌పీ మాడ్యూల్‌లో (ఫైబర్ తగిలించడానికి పోర్టులో దూర్చే చిన్న భాగం) ఒకటి చొప్పున సెన్సర్లు ఉంటాయి. గాలి లోపలికి వచ్చే చోట 45 డిగ్రీలు ఉంటే ఆందోళన పడాలి. చిప్ మీద 70 డిగ్రీలు చాలా పరికరాల్లో మామూలు విషయమే.

తర్వాత సమయం చూడాలి. లిబ్రెఎన్‌ఎంఎస్ సాధారణంగా 5 నిమిషాలకు ఒకసారి విలువలు సేకరిస్తుంది, పైగా అలర్ట్ నియమంలో కొంత ఆలస్యం పెట్టుకుని ఉంటాం, కాబట్టి సందేశం అందే సమయానికి విషయం మొదలై పది నిమిషాలు దాటి ఉండవచ్చు. అందుకే పరికరం సొంత లాగ్‌లో ఆ సెన్సర్ గురించిన మొదటి సందేశం ఎప్పుడు పడిందో వెతికి, ఆ సమయాన్నే ఆరంభంగా లెక్కించాలి.

అదే గదిలోని ఇతర పరికరాల సెన్సర్లను కూడా ఒక్కసారి చూడాలి. అన్నీ కలిసి పెరిగితే కారణం గదిలో ఉంది, ఒక్కటే పెరిగితే ఆ పరికరంలో ఉంది. ఈ ఒక్క పోలికతో సగం అనుమానాలు తీరిపోతాయి.

రెండో మెట్టు: హద్దు ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకోవడం

చాలామంది దాటవేసే మెట్టు ఇదే. విలువ నిజమా కాదా అని గంటసేపు వెతుకుతారే గాని, దాన్ని పోల్చిన హద్దు ఎవరు పెట్టిందో అడగరు. హద్దు మూడు చోట్ల నుంచి రావచ్చు. ఒకటి, తయారీదారు పరికరంలోనే రాసి పెట్టినది. ఎస్‌ఎఫ్‌పీ మాడ్యూళ్లలో ఎగువ అలారం, ఎగువ హెచ్చరిక, దిగువ హెచ్చరిక, దిగువ అలారం అని నాలుగు విలువలు మాడ్యూల్ జ్ఞాపకంలోనే ఉంటాయి. రెండు, మన జట్టులో ఎవరో చేత్తో పెట్టినది. మూడు, మానిటరింగ్ వ్యవస్థ తానే ఊహించినది.

ఈ మూడోదానితోనే చిక్కు. పరికరం హద్దు చెప్పనప్పుడు లిబ్రెఎన్‌ఎంఎస్ ఆ సెన్సర్‌ను మొదటిసారి కనుగొన్న నాటి విలువను ఆధారంగా తీసుకుంటుంది. ఉష్ణోగ్రతకైతే దానికి 20 డిగ్రీలు కలిపి ఎగువ హద్దుగా, 10 డిగ్రీలు తీసి దిగువ హద్దుగా పెడుతుంది, వోల్టేజీకైతే అటూ ఇటూ 15 శాతం వదులుతుంది. జనవరి రాత్రి ఏసీ నడుస్తున్న గదిలో 19 డిగ్రీల వద్ద కొత్త స్విచ్‌ను చేర్చామనుకుందాం. దాని ఎగువ హద్దు 39 అవుతుంది. అదే స్విచ్‌ను మే నెల మధ్యాహ్నం 33 డిగ్రీల వద్ద చేర్చి ఉంటే హద్దు 53 అయ్యేది. పరికరం అదే, గది అదే, తట్టుకోగల వేడి అదే. మనం చేర్చిన రోజును బట్టి హద్దు 14 డిగ్రీలు మారిపోయింది. మొదటి స్విచ్ మే నెలంతా అరుస్తూ ఉంటుంది, రెండోది నిజంగా కాలిపోయే ముందు కూడా నోరెత్తకపోవచ్చు. రెండోదే ఎక్కువ ప్రమాదం, ఎందుకంటే అరిచేదాన్ని ఎవరో ఒకరు చూస్తారు.

అందువల్ల పరికరం పేజీలో ఎడిట్, అందులో హెల్త్ విభాగం తెరిచి, ఆ సెన్సర్ హద్దులను తయారీదారు డేటాషీట్‌తో పోల్చి చూడాలి. హద్దు ఊహించినదని తేలినా అప్పుడే మార్చకూడదు. ఆ సంగతి రాసుకుని ముందుకు సాగాలి. మార్చే పని చివరి మెట్టులో ఉంది, దాన్ని చివర ఉంచడానికి కారణం కూడా ఉంది.

మూడో మెట్టు: విలువ నిజమేనా అని నిర్ధారించుకోవడం

పరికరంలోకి నేరుగా లాగిన్ అయి విలువను కళ్లతో చూడాలి. సిస్కో పరికరాల్లో 'షో ఎన్విరాన్‌మెంట్' ఆదేశం, జూనిపర్‌లో 'షో ఛాసిస్ ఎన్విరాన్‌మెంట్', మైక్రోటిక్‌లో 'సిస్టమ్ హెల్త్ ప్రింట్' ఇందుకు పనికొస్తాయి. ఆప్టికల్ మాడ్యూళ్లకైతే సిస్కోలో 'షో ఇంటర్‌ఫేసెస్ ట్రాన్సీవర్ డిటైల్', జూనిపర్‌లో 'షో ఇంటర్‌ఫేసెస్ డయాగ్నోస్టిక్స్ ఆప్టిక్స్' ఇస్తే విలువలతో పాటు నాలుగు హద్దులూ కనిపిస్తాయి.

ఇక్కడ కనిపించే విలువకూ గ్రాఫ్‌లోని విలువకూ పొంతన లేకపోతే, తప్పు చాలాసార్లు దశాంశ స్థానంలో ఉంటుంది. సెన్సర్ విలువలను ఎస్‌ఎన్‌ఎంపీలో ఎలా చెప్పాలో నిర్దేశించే ఆర్‌ఎఫ్‌సీ 3433 ప్రమాణం ప్రకారం పరికరం విలువను పూర్ణాంకంగా పంపి, స్కేలు ఎంత, దశాంశం తర్వాత ఎన్ని అంకెలు అన్నవి విడిగా చెబుతుంది. ఫర్మ్‌వేర్ అప్‌గ్రేడ్ తర్వాత అందులో ఏది మారినా 34.5 కాస్తా 345 అవుతుంది. 345 డిగ్రీల వద్ద ఏ స్విచ్చూ ఎస్‌ఎన్‌ఎంపీకి జవాబివ్వదు కాబట్టి దాన్ని పోల్చుకోవడం తేలిక. 34 డిగ్రీల చోట 3.4 కనిపించి దిగువ హద్దు అలర్ట్ వచ్చినప్పుడు మాత్రం కాస్త ఆలోచించాలి.

పరికరం చెప్పే విలువకు కూడా కొంత వెసులుబాటు ఉంటుందని మరవకూడదు. ఎస్‌ఎఫ్‌పీ మాడ్యూళ్ల స్వీయ పరిశీలనకు ప్రమాణమైన ఎస్‌ఎఫ్‌ఎఫ్-8472, లైట్ పవర్ కొలతలో 3 డీబీ (డెసిబెల్, లైట్ ఎన్ని రెట్లు మారిందో చెప్పే కొలత) వరకు, ఉష్ణోగ్రతలో 3 డిగ్రీల వరకు తేడాను అనుమతిస్తుంది. కనుక హద్దు మీద అరడీబీ తేడాతో వచ్చిన అలర్ట్‌ను చూసి అర్ధరాత్రి మనిషిని పంపనక్కరలేదు. ఆ సెన్సర్ నిన్న, గత వారం ఎలా ఉందో గ్రాఫ్‌లో చూస్తే చాలు. కొలత ఖచ్చితత్వం మాట ఎలా ఉన్నా, మాడ్యూల్ తన తేడాను రోజూ దాదాపు ఒకేలా చూపిస్తుంది, కాబట్టి మార్పును నమ్మవచ్చు.

నాలుగో మెట్టు: అక్నాలెడ్జ్ చేయడం, గడువు పెట్టుకోవడం

అక్నాలెడ్జ్ అంటే "నేను చూస్తున్నాను" అని జట్టుకు చెప్పడం. కాబట్టి దాని పక్కనున్న గడిలో ఏం చూశారో, మళ్లీ ఎప్పుడు చూస్తారో ఒక్క వాక్యం రాయాలి. ఫ్యాన్ ఆగిపోవడం, గాలి లోపలికి వచ్చే చోట వేడి వేగంగా పెరగడం, బ్యాటరీ మీద నడుస్తున్న కేంద్రంలో వోల్టేజీ పడిపోవడం అనే మూడింటిని వెంటనే పట్టించుకోవాలి. లైట్ మెల్లగా తగ్గడం, లేజర్ కరెంటు మెల్లగా పెరగడం వంటివి పగటి దాకా ఆగుతాయి.

ఐదో మెట్టు: వేడి, ఫ్యాన్లు

డేటా సెంటర్లకు ఆష్రే అనే శీతలీకరణ ఇంజినీర్ల సంస్థ సిఫార్సు చేసే ప్రవేశ గాలి ఉష్ణోగ్రత 18 నుంచి 27 డిగ్రీలు. మన జిల్లా కేంద్రాల్లోని చిన్న గదుల్లో, ముఖ్యంగా పడమటి గోడకు ఆనుకున్న షట్టర్ గదుల్లో, వేసవిలో అది సాధ్యపడే మాట కాదు. అలాంటి చోట పరికరం డేటాషీట్ అనుమతించే గరిష్ఠ ఉష్ణోగ్రతనే కొలమానంగా పెట్టుకుని, దానికి 8 లేదా 10 డిగ్రీల ముందే హెచ్చరిక వచ్చేలా చూసుకోవాలి.

గదికి వెళ్లాక చూసే వరుస ఇది: ఏసీ నడుస్తోందా, చల్లగాలి నిజంగా ర్యాక్ ముందు భాగానికి చేరుతోందా, ఫిల్టర్ మీద దుమ్ము ఉందా, ఎవరైనా గాలి దారికి అట్టపెట్టె అడ్డం పెట్టారా, స్విచ్ గాలి దిశ సరిపోయిందా. చివరిది కొత్తవారికి తట్టదు. కొన్ని స్విచ్‌లు పోర్టుల వైపు నుంచి గాలి పీల్చి వెనక్కి వదులుతాయి, కొన్ని వెనక నుంచి పీల్చి పోర్టుల వైపు వదులుతాయి. రెండు రకాలను ఒకే ర్యాక్‌లో కలిపి పెడితే ఒకటి వదిలిన వేడిని రెండోది పీలుస్తుంది.

ఇందుకు నేనే చేసిన తప్పు ఒకటి చెప్పాలి. గుంటూరు జిల్లాలో మేము చూసుకునే ఒక చిన్న కేంద్రంలో రోజూ మధ్యాహ్నం మూడింటి వేళ ఉష్ణోగ్రత అలర్ట్ వచ్చి, ఐదింటికల్లా తనంతట తానే పోయేది. ఎండలే కదా అని హద్దును 45 నుంచి 55కు పెంచి ఊరుకున్నాను. మూడు వారాల తర్వాత ఒక ఆదివారం, ఆకాశం మబ్బుపట్టి చల్లగా ఉన్న రోజు, అదే మూడింటికి గ్రాఫ్ అదే ఆకారంలో లేచింది. అప్పుడు ఉష్ణోగ్రత గ్రాఫ్ కిందనే వోల్టేజీ గ్రాఫ్ తెరిచి చూస్తే, వేడి పెరగడం మొదలైన నిమిషానికీ కరెంటు తిరిగి వచ్చిన నిమిషానికీ తేడా లేదు. మర్నాడు వెళ్లి చూస్తే ర్యాక్ అడుగున ఇన్వర్టర్ ఉంది. మధ్యాహ్నపు కోత అయ్యాక బ్యాటరీని ఛార్జ్ చేసేటప్పుడు అది వదిలే వేడి గాలి నేరుగా పైనున్న స్విచ్ మూతికి తగులుతోంది. ఇన్వర్టర్‌ను రెండడుగులు పక్కకు జరిపితే ఉష్ణోగ్రత 9 డిగ్రీలు తగ్గింది. హద్దు పెంచినందువల్ల ఆ మూడు వారాలూ స్విచ్ ఉడుకుతూనే ఉంది, నాకు మాత్రం చెప్పడం మానేసింది.

ఫ్యాన్ విషయంలో చెప్పవలసింది తక్కువ. వేగం సున్నా అయితే ఫ్యాన్ పోయినట్టే. మిగిలిన ఫ్యాన్లు వేగం పెంచుకుని ఉంటాయి కాబట్టి వాటి ఎగువ హద్దు అలర్ట్లు కూడా వెంట వస్తాయి, అవి వేరే లోపాలని భ్రమపడకూడదు. ఫ్యాన్ ట్రే మార్చేటప్పుడు కొత్తది చేతిలో సిద్ధంగా ఉంచుకున్నాకే పాతది లాగాలి, ఎందుకంటే ట్రే లేకుండా కొద్ది నిమిషాలు దాటితే తమంతట తామే ఆగిపోయే పరికరాలు ఉన్నాయి.

ఆరో మెట్టు: లైట్ పవర్

అలర్ట్లలో ఎక్కువ నేర్పు అడిగేది ఇదే. మాడ్యూల్ ఐదు విలువలు చెబుతుంది: పంపే లైట్, అందుకునే లైట్, లేజర్ కరెంటు, ఉష్ణోగ్రత, సరఫరా వోల్టేజీ. లైట్‌ను డీబీఎంలో కొలుస్తారు. 0 డీబీఎం అంటే 1 మిల్లీవాట్, 3 తగ్గితే లైట్ సగమవుతుంది, 10 తగ్గితే పదో వంతు అవుతుంది. -40 అని కనిపిస్తే దాదాపు లైటే లేదని అర్థం, ఎందుకంటే ఆ మాడ్యూళ్లు చెప్పగల అతి చిన్న అంకె 0.1 మైక్రోవాట్, అదే -40 డీబీఎం.

ఏ విలువ మారిందో చూసి కారణాన్ని వెతకాలి. మన వైపు అందుకునే లైట్ తగ్గితే, ముందు అవతలి చివర పంపే లైట్ ఎంత ఉందో చూడాలి. అక్కడ పంపడం మామూలుగానే ఉంటే తప్పు దారిలో ఉంది. పంపేదే తగ్గితే అవతలి మాడ్యూల్‌లో ఉంది. రెండు చివరలూ చూడకుండా ఫీల్డ్ సిబ్బందిని రోడ్డెక్కిస్తే, వారు నలభై కిలోమీటర్లు తిరిగి వచ్చి "అన్నా, కోర్ (కేబుల్‌లోని ఫైబర్ పోగు) బాగానే ఉంది" అంటారు, అలా అనడంలో వారి తప్పేమీ ఉండదు.

పంపే లైట్ నిలకడగా ఉండి లేజర్ కరెంటు నెలనెలా పెరుగుతుంటే ఆ లేజర్ ముసలిదవుతోందని తెలుసుకోవాలి. పాతబడిన లేజర్ అదే వెలుగు ఇవ్వడానికి ఎక్కువ కరెంటు అడుగుతుంది, మాడ్యూల్‌లోని సర్క్యూట్ అడిగినంత ఇస్తూ వెలుగును నిలబెడుతుంది. ఇవ్వగలిగిన హద్దు చేరాక వెలుగు పడిపోతుంది. లింక్ నడుస్తుండగానే మాడ్యూల్ మార్చుకునే అవకాశం ఇచ్చే అలర్ట్ ఇది, దీన్ని నిర్లక్ష్యం చేయకూడదు.

మన కేబుల్, ఫైబర్ నెట్‌వర్క్‌లలో ఒకే కోర్ మీద రెండు రంగుల లైట్‌తో నడిచే బైడై మాడ్యూళ్లు చాలా ఉంటాయి. ఒక వైపు 1310 నానోమీటర్లు, మరో వైపు 1550 నానోమీటర్లు పంపే జతలో, 1550 అందుకునే వైపు మాత్రమే నాలుగైదు డీబీ తగ్గి, 1310 అందుకునే వైపు దాదాపు అలాగే ఉంటే, ఫైబర్ ఎక్కడో గట్టిగా మెలిక పడిందని అనుమానించాలి. వంపు దగ్గర 1550 లైట్ ఎక్కువగా బయటికి కారిపోతుంది. జాయింట్ బాక్స్ మూసేటప్పుడు నలిగిన కోర్, స్తంభం మీద టై బిగించిన చోటు, ర్యాక్ తలుపు కింద ఇరుక్కున్న ప్యాచ్ కార్డ్ మొదట చూడవలసిన చోట్లు. రెండు వైపులా సమానంగా తగ్గితే మురికి కనెక్టరో, పాడైన స్ప్లైసో (రెండు ఫైబర్లను అతికించిన చోటు) అయ్యే అవకాశం ఎక్కువ.

చేయి పెట్టే వరుస కూడా ముఖ్యమే. ముందు కనెక్టర్ శుభ్రం చేయాలి. క్లీనర్ పెన్ లేకపోతే నూగు రాలని వైప్‌తో, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవాలి, చొక్కా అంచుతో ఎన్నడూ తుడవకూడదు. తర్వాత ప్యాచ్ కార్డ్ మార్చాలి, తర్వాత మాడ్యూల్ మార్చాలి, అప్పటికీ తేలకపోతేనే ఓటీడీఆర్ (ఫైబర్‌లో లోపం ఎంత దూరంలో ఉందో చూపే పరికరం) తగిలించాలి. ఒకేసారి రెండు మార్చితే ఏది తప్పో ఎప్పటికీ తెలియదు. లైట్ ఉందో లేదో చూడటానికి ఫైబర్ కొనలోకి కన్ను పెట్టకూడదు: ఆ లైట్ కంటికి కనిపించదు, కంటిని మాత్రం దెబ్బతీస్తుంది.

ఎగువ హద్దు అలర్ట్‌ను తేలికగా తీసుకోకూడదు. 80 కిలోమీటర్ల మాడ్యూల్‌ను పరీక్షకని పక్క ర్యాక్‌కు నేరుగా కలిపితే, -7 డీబీఎం దాటిన లైట్‌ను భరించలేని రిసీవర్ మీద 0 పైన లైట్ పడుతుంది, రిసీవర్ శాశ్వతంగా పాడు కావచ్చు. అలాంటప్పుడు లైట్‌ను తగ్గించే అటెన్యుయేటర్ పెట్టిన తర్వాతే కలపాలి.

ఏడో మెట్టు: వోల్టేజీ

మాడ్యూల్ లోపలి 3.3 వోల్టుల సరఫరా 5 శాతానికి మించి తగ్గితే, ఆ పోర్టు పక్కనున్న మాడ్యూళ్ల విలువలనూ చూడాలి. అన్నిటిలోనూ తగ్గితే కారణం పరికరం పవర్ సప్లైలో ఉంది. కేంద్రంలోని 48 వోల్టుల బ్యాటరీ వ్యవస్థకు వేరే లెక్క. 24 సెల్లుల లెడ్ యాసిడ్ బ్యాటరీ మామూలుగా 54 వోల్టుల దగ్గర నిలిచి ఉంటుంది. కరెంటు పోగానే 50 దగ్గరకు దిగి, అక్కడి నుంచి మెల్లగా జారుతూ, 43 దగ్గర లోడ్‌ను తెంచేసే స్థాయికి చేరుతుంది. అలర్ట్ 44 దగ్గర పెట్టుకుంటే జనరేటర్ వద్దకు మనిషి చేరేలోపే అంతా ఆరిపోతుంది. 51 దగ్గర "కరెంటు పోయింది" అనే హెచ్చరిక, 47 దగ్గర "ఇప్పుడే బయల్దేరండి" అనే అలారం పెట్టుకోవడం నా అలవాటు.

కొన్ని పరికరాలు ఈ వోల్టేజీని -54 అని రుణ సంఖ్యగా చెబుతాయి. అప్పుడు బ్యాటరీ ఖాళీ అవుతున్న కొద్దీ సంఖ్య గణితం ప్రకారం పెరుగుతుంది, అందువల్ల 51, 47 అనే హద్దులను -51, -47 గా మార్చి ఎగువ హద్దు గడుల్లో రాయాలి. దిగువ గడుల్లో రాస్తే మామూలు రోజంతా అలర్ట్ మోగి, కరెంటు పోయి బ్యాటరీ ఆ హద్దు దాటి దిగగానే ఆగిపోతుంది.

ఎనిమిదో మెట్టు: హద్దు సవరించడం

కారణం తేలి, మరమ్మతు జరిగి, విలువ కనీసం ఒక రోజంతా నిలకడగా ఉన్నాకే హద్దు మీద చేయి వేయాలి. లైట్ విషయంలో తయారీదారు హద్దు ఒక్కటే సరిపోదని నా అభిప్రాయం. పది కిలోమీటర్ల 10 గిగాబిట్ ఎల్‌ఆర్ మాడ్యూల్‌లో దిగువ హెచ్చరిక సాధారణంగా -14 డీబీఎం దగ్గర ఉంటుంది. బిగించిన రోజు -6 అందుకుంటున్న లింక్ -12కు పడిపోతే వచ్చే లైట్‌లో నాలుగింట మూడు వంతులు పోయినట్టు, అయినా ఏ అలర్టూ రాదు. అందుకే లింక్ బిగించిన రోజు విలువను రాసి పెట్టుకుని, దానికి 3 డీబీ కింద మన సొంత హెచ్చరిక పెట్టుకోవాలి. హెల్త్ విభాగంలో చేత్తో మార్చిన హద్దును లిబ్రెఎన్‌ఎంఎస్ సొంత హద్దుగా గుర్తుపెట్టుకుని, తర్వాతి డిస్కవరీలో (పరికరంలోని సెన్సర్లను మళ్లీ వెతికే ప్రక్రియలో) చెరపకుండా ఉంచుతుంది.

ఫైబర్ తగిలించని, షట్‌డౌన్‌లో ఉన్న పోర్టుల్లోని మాడ్యూళ్లు ఎప్పుడూ -40 చూపిస్తాయి కాబట్టి వాటి లైట్ సెన్సర్ల అలర్ట్‌ను విడిగా ఆపివేయాలి, మొత్తం నియమాన్ని ఆపకూడదు. విలువ హద్దు మీద ఊగుతూ మాటిమాటికీ అలర్ట్ వచ్చి పోతుంటే, నియమంలో ఆలస్యాన్ని పది, పదిహేను నిమిషాలకు పెంచాలి. ఆగిన ఫ్యాన్ల నియమానికి మాత్రం అంత ఆలస్యం పెట్టకూడదు. వేసవికి ముందు, మార్చిలో, ఉష్ణోగ్రత హద్దులన్నిటినీ ఒక జాబితాగా తీసి, ఏవి ఊహించినవో, ఏవి డేటాషీట్ నుంచి వచ్చినవో ఒకసారి సరిచూసుకుంటే మే నెల రాత్రులు నిద్ర దక్కుతుంది.

మార్చిన ప్రతి హద్దుకూ పాత విలువ, కొత్త విలువ, కారణం, తేదీ పరికరం నోట్స్‌లో రాయాలి. మార్చాక దాన్ని పరీక్షించాలి కూడా: ఉష్ణోగ్రత సెన్సర్ ఎగువ హద్దును ప్రస్తుత విలువకు ఒక డిగ్రీ కిందకు దించి, నియమంలోని ఆలస్యం గడిచేదాకా వేచి, సందేశం డ్యూటీలో ఉన్నవారి ఫోన్‌కు నిజంగా చేరిందో లేదో చూసి, హద్దును తిరిగి యథాస్థానంలో పెట్టాలి. తిరిగి పెట్టాక ఆ పేజీని పక్కన కూర్చున్న వారికి ఒకసారి చూపించండి, పరీక్షకు దించిన హద్దును అలాగే మరిచిపోవడం నాకు రెండుసార్లు జరిగింది.